మెడ దాకా మాది

తిరుపతమ్మకి పెద్దాసుపత్రి మీద కోపం ఇవాళ్టిది కాదు. ఆవిడ మొగుడు వేదాద్రి అందులో పరిపాలనాధికారిగా పనిచేశాడు. పొద్దున్నే వెళ్లిన మనిషి దీపాలు పెట్టాక వచ్చేవాడు. వచ్చాకైనా ఇంటి సంగతులు మాట్లాడేవాడా అంటే అదీ లేదు. ఏ గుమాస్తా ఏ ఫైల్లో ఏ తప్పు రాశాడో చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆయన నోట ఎప్పుడూ ఆడే మాట ఒకటుంది: చెల్లదు. సెలవు చీటీ ఇస్తే చెల్లదు, బిల్లు పెడితే చెల్లదు. ఇంట్లోనూ అదే పాట. "వంటింటికి తూర్పువైపు ఓ కిటికీ పెట్టించండి, పోపు పొగకి కళ్లు పోతున్నాయి" అని ఆవిడ కాపరానికొచ్చిన కొత్తల్లోనే అడిగింది. "మునిసిపాలిటీ ఆమోదించిన ప్లానులో అక్కడ గోడ ఉంది. చెల్లదు" అన్నాడు. పిల్లలు పుట్టి, పెరిగి, పెళ్లిళ్లయి ఎవరి కాపరాలకి వాళ్లు వెళ్లిపోయినా, ఆ గోడ మాత్రం గోడలాగే ఉండిపోయింది.

ఆయన ఉద్యోగంలో ఘనకార్యమంటే మెడ ఉత్తర్వే. వెనకటికి ఓ రైతు మెడ వెనకాల రాచకురుపుతో వచ్చాడు. తల చూసే డాక్టర్లు అది ఒంటికి లేచిందన్నారు, ఒళ్లు చూసే డాక్టర్లు తలకి లేచిందన్నారు. వీళ్లు తేల్చుకునేలోపు వరండాలో కూర్చున్న రైతుకి కురుపు దానంతటదే పగిలి, ఆయన లేచి బస్సెక్కి వెళ్లిపోయాడు. ఇలాంటి అరాచకం మళ్లీ జరగకూడదని వేదాద్రి కూర్చుని, మనిషి ఒంటిని మండలాలు విడగొట్టినట్టు విడగొట్టి, ఏ భాగం ఏ విభాగానిదో తేల్చి పారేశాడు. మెడ పైన మెదడు విభాగం, మెడ కింద మిగతావాళ్లు. అంతటితో ఊరుకోలేదు. "ఒక విభాగమునకు మంజూరైన ఔషధము సదరు విభాగపు పరిధిలోనే పనిచేయవలెను. పరిధి దాటి పనిచేసిన యెడల సంబంధిత వైద్యుడే బాధ్యుడు" అని ఓ ముక్క తగిలించాడు. మొదట్లో డాక్టర్లు నవ్వుకున్నారు. తర్వాత తర్వాత, ఏ తలనొప్పినైనా పక్క విభాగానికి నెట్టెయ్యడానికి అది ఎంత వాటంగా ఉందో తెలిసొచ్చి, కళ్లకద్దుకుని వాడుకున్నారు.

అలాంటి వేదాద్రి రిటైరైన కొన్నాళ్లకి, ఓ పొద్దున పేపర్లో టెండరు ప్రకటనలో తప్పులు ఎంచుతూ, పెళ్లానికి వినిపిస్తూ వినిపిస్తూ మాట మధ్యలో ఆగిపోయాడు. చేతిలో కాఫీ గ్లాసు కిందపడింది. పెద్దాసుపత్రికి తీసుకెళితే ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. కుడి చెయ్యి బరువెక్కింది. అన్నీ అర్థమవుతున్నాయి, కళ్లలో తెలుస్తూనే ఉంది. నోరు తెరిస్తే మాత్రం గాలి.

తిరుపతమ్మ ఒకటికి రెండుసార్లు పరీక్షించి చూసింది. మంచం పక్కన కూర్చుని, "ఏమండీ, మీరు లేవకముందే మేస్త్రీని పిలిపించి వంటింటి గోడ కొట్టించేస్తున్నా. కిటికీ పెట్టిస్తున్నా" అంది. ఆయన పెదాలు కదిలాయి, ఏమీ రాలేదు. ఎన్నేళ్లుగానో వినీ వినీ చెవులు చిల్లులు పడిన ఆ ఒక్క మాటా రాకపోయేసరికి ఆవిడ గుండె చెరువైపోయింది. చెంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి వెళ్లి ఏడ్చింది.

మెదడు విభాగంలో మెహజబీన్ అని ఓ కుర్ర డాక్టరమ్మ ఉంది. ఆ అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"ఒక ఇంజక్షన్ ఉందమ్మా. క్యాన్సర్ మందులు వాడినవాళ్లకి రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడిది వేస్తే ఎముకల్లో మూలుగ మేల్కొని కొత్త కణాలు తయారుచేస్తుంది. మన ఒంట్లో ఉండే పదార్థమే, కాస్త ఎక్కువగా ఇస్తామన్నమాట. పక్షవాతం వచ్చిన ఎలుకలకి వేస్తే, మెదడులో దెబ్బతిన్న చోట కూడా కొంత మరమ్మతు జరిగింది. మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు. అది తేల్చడానికే ఇక్కడో పరీక్ష పెట్టాం. సగం మందికి మందు, సగం మందికి ఉత్త ఉప్పునీరు. ఎవరికి ఏది వెళ్లిందో చివరిదాకా నాకూ తెలీదు. ఒప్పుకుంటే మీవారే మొదటి మనిషి."

"అసలు సంగతి చెప్పు డాక్టరమ్మా. మాట వస్తుందా?"

"రావచ్చు, రాకపోవచ్చు. మొదలుపెడితే మాత్రం ఈ వారంలోనే పెట్టాలి. దాటితే పరీక్షలో చేర్చుకోవడానికి వీల్లేదు."

"సగం ఆశైనా ఆశే కదమ్మా. వేసెయ్యండి."

"వేసేస్తాను. కాకపోతే సీసాలు రక్త విభాగం ఫ్రిజ్‌లో ఉన్నాయి" అంది డాక్టరమ్మ, గొంతు తగ్గించి.

రక్త విభాగానికి పెద్ద డాక్టర్ చెన్నకేశవులు. ఆయన సీసాని వెలుగుకేసి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి తలుపేశాడు.

"దీని మీద ఏం రాసుంది డాక్టర్? రక్తకణాల వృద్ధి కారకం. మెదడు అని ఎక్కడైనా రాసుందా?"

"లేదు సార్. కానీ రక్తం మెదడులోకీ వెళుతుంది కదా."

"వెళుతుంది. నేను కాదనను. మెడ దాకా మాది. ఆ పైన మీ పరిధి. రేపు మా మందు మీ పరిధిలోకి చొరబడి ఏదైనా మేలు చేసిందనుకోండి, ఆ మేలు ఎవరి ఖాతాలో రాస్తారు? కీడు చేస్తే సరే, అది ఎటూ మా ఖాతాలోనే రాస్తారు."

గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా విన్న తిరుపతమ్మ అక్కణ్ణుంచి తిన్నగా పరిపాలనాధికారి గదికి వెళ్లింది. వేదాద్రి కుర్చీలో ఇప్పుడు దైవాదీనం కూర్చుంటున్నాడు. ఆయన వేదాద్రి దగ్గర ఓనమాలు దిద్దుకున్నవాడు. గురువంటే ప్రాణం పెడతాడు. ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడ్డాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, టీ తెప్పించాడు. ఇంజక్షన్ మాటెత్తేసరికి చేతులు కట్టుకున్నాడు.

"అమ్మగారూ, గురువుగారి ఉత్తర్వుని గురువుగారి కోసమే తప్పించానంటే ఆయన మనసు ఎంత క్షోభిస్తుందో ఆలోచించండి."

"ఆయన మనసు సంగతి నాకు వదిలెయ్యి నాయనా. ముందు ఆయన నోరు సంగతి చూడు."

"చూస్తానమ్మా. మీకో రహస్యం చెబుతాను. గురువుగారు ఏ ఉత్తర్వు రాసినా అందులో ఓ చిన్న మినహాయింపు దాచిపెట్టేవారు. తలుపు మూసినా గడియ పెట్టకుండా వదిలేసేవారన్నమాట. ఈ మెడ ఉత్తర్వులోనూ ఎక్కడో ఉండే ఉంటుంది. నా బుర్రకి దొరకలేదు. ఆయనొక్కమాట చెబితే చాలు, ఆ నిమిషాన ఇంజక్షన్ ఇప్పిస్తాను."

తిరుపతమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆయన మాట్లాడ్డానికే కదయ్యా ఇంజక్షన్ అడుగుతున్నది?"

"అదే చిక్కొచ్చి పడింది" అన్నాడు దైవాదీనం ఎంతో బాధగా.

అయినా ప్రయత్నలోపం ఉండకూడదని అందరూ మంచం దగ్గరికి వెళ్లారు. దైవాదీనం వంగి, చెవిలో వినయంగా, "గురువుగారూ, మెడ ఉత్తర్వులో మినహాయింపు ఎక్కడ పెట్టారు?" అన్నాడు. వేదాద్రి తల అటూ ఇటూ ఊపాడు. ఎడమ చెయ్యెత్తి, అరచెయ్యి చాపి, గాలిలో ఆడించాడు. అయిదు వేళ్లంటే అయిదో నిబంధన అని దైవాదీనం పరిగెత్తుకెళ్లి చూసొచ్చాడు. అది క్యాంటీన్‌లో టీ గ్లాసులు కడిగే పద్ధతి గురించట. మళ్లీ అడిగితే ఆయన మళ్లీ చెయ్యి ఆడించాడు, ఈసారి ఇంకా గట్టిగా. రెండుసార్లు అయిదంటే పదో నిబంధన అన్నారు. అది సైకిల్ స్టాండు గురించి. ఆయన చెయ్యి ఆడించిన కొద్దీ వీళ్లు కూడుతూ పోయారు. చివరికి ఆ ఉత్తర్వులో నిబంధనలు అయిపోయాయి, ఆయన చెయ్యి అలిసిపోయింది, మినహాయింపు దొరకలేదు.

ఇక లాభం లేదని సూపరింటెండెంట్ పరాంకుశం గారు ఉమ్మడి సమావేశం పెట్టారు. తిరుపతమ్మని బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపు ఓరగా వేశారు. ఓరగా వేస్తే లోపల మాటలన్నీ వినపడతాయి కదా, వినపడ్డాయి.

"మందును డిప్యూటేషన్ మీద పంపుటకు అవకాశములను పరిశీలించగలరు" అన్నారు పరాంకుశం గారు.

"పరిశీలించాను సార్" అన్నాడు దైవాదీనం. "రక్త విభాగం రిలీవ్ చెయ్యాలి, మెదడు విభాగం చేర్చుకోవాలి. దారిలో మెడ దగ్గర ఎంతసేపు ఆగిందో అది డ్యూటీ కింద లెక్కేయాలా, సెలవు కింద లెక్కేయాలా అన్నది ఒక్కటే తేలలేదు."

"అది సరే. ఈ మందు పుట్టిల్లు ఎముక మూలుగ" అన్నాడు చెన్నకేశవులు. "మెదడులో అది నాన్‌లోకల్. అక్కడ ఎన్నాళ్లనుంచో సర్వీసులో ఉన్న లోకల్ కణాలుండగా, బయటనుంచి వచ్చిన కణాలు వాటి చోట్లో కూర్చుంటే పదోన్నతులు ఏమవుతాయి? రేపు ఎవరైనా కోర్టుకెళితే సమాధానం ఎవరు చెబుతారు?"

"సార్, చచ్చిపోయిన కణాలకి పదోన్నతి ఏమిటండీ?" అంది మెహజబీన్.

"మరణించిన ఉద్యోగి ఖాళీని వారసులతో భర్తీ చేయవలెనని నియమం" అన్నారు పరాంకుశం గారు. "మెదడు కణమునకు వారసులు కలరా?"

మధ్యాహ్నం దాటింది. సమావేశానికి గారెలు వెళ్లాయి, ఖాళీ ప్లేట్లు బయటికొచ్చాయి. వారం కరిగిపోతోంది. తిరుపతమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"అయ్యా, మీకు దణ్ణం పెడతా. ఇంతసేపు ఎందుకు? ఆయన తలకాయ తీసి మెదడు వార్డులో పెట్టుకోండి, మొండెం తీసి రక్తం వార్డులో పెట్టుకోండి. ఎవరిది వాళ్లు చూసుకోండి. పీడా పోతుంది."

అందరూ తలలు దించుకున్నారు. తిట్టింది కదా, సిగ్గుపడ్డారేమో అనుకుంది ఆవిడ. వాళ్లు సిగ్గుపడలేదు. దైవాదీనం నెమ్మదిగా లేచాడు, మొహం వెలిగిపోతోంది.

"సార్, అమ్మగారి ప్రతిపాదన నిబంధనలకి లోబడే ఉంది. రెండు వార్డులకీ మధ్య గోడ ఒకటే, అందులో తలుపుంది. మంచాన్ని గుమ్మంలో వేద్దాం. మెడ గడప మీదికొచ్చేటట్టు. తల వాళ్ల వార్డు, ఒళ్లు వీళ్ల వార్డు. ఇంజక్షన్ పొట్ట మీద చర్మం కింద వేసేదేగా. అది రక్త విభాగం పరిధి."

"తర్వాత మందు మెడ దాటితే?" అన్నాడు చెన్నకేశవులు.

"మనం పంపలేదు కదండీ. అదే వెళ్లింది. మనం పంపితే బదిలీ, అదే వెళితే వలస. వలసను నిషేధించే ఉత్తర్వు లేదు."

పరాంకుశం గారు అక్కడికక్కడే సంతకం పెట్టారు. మెహజబీన్ తిరుపతమ్మ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, "ఇంజక్షన్ అయితే దొరికిందమ్మా, పట్టించుకోకండి" అంది.

ఆ సాయంత్రమే మంచం గుమ్మంలోకి వచ్చింది. గడప మీద పసుపుపచ్చ రంగు గీత గీశారు. వేదాద్రి మెడ చుట్టూ ఫైళ్లకి కట్టే తెల్లటేపు వదులుగా కట్టారు, హద్దు తెలియడానికి. మనిషన్నవాడు పడుకున్నాక కిందికి జారడం సహజం కదా, ఆయన జారినప్పుడల్లా తల రక్త విభాగంలోకి వచ్చేసేది, ఆయా పరిగెత్తుకొచ్చి భుజాలు పట్టి మెదడు విభాగంలోకి లాగేది. సందర్శకుల వేళలు తలకి సాయంత్రం, ఒంటికి పొద్దున. అంచేత తిరుపతమ్మ పొద్దున ఆయన చెయ్యి పట్టుకునేది, సాయంత్రం మొహం చూసేది. ఇడ్లీ దగ్గర పెద్ద రభస అయింది. నమిలేది ఒక విభాగం, అరిగించేది ఇంకో విభాగం, ప్లేటు ఎవరు పెట్టాలి? ఎవరూ పెట్టలేదు. ఆవిడే ఇంటినుంచి క్యారేజీ తెచ్చి, రెండు వార్డులనీ దులిపేస్తూ తినిపించింది.

ఇంజక్షన్లు మాత్రం రోజూ పడ్డాయి. డాక్టరమ్మ చెప్పినట్టు తిరుపతమ్మ సాయంత్రాలు తలగడ పక్కన కూర్చుని మాటలు పలికించేది. "నీళ్లు అనండి. నీళ్లు. పోనీ గోంగూర అనండి. మీకిష్టమే కదా." ఆయన చెమటలు కక్కేవాడు. పెదాలు గుండ్రంగా చుట్టేవాడు. "గో" దాకా వచ్చి ఆగిపోయేవాడు. ఓ రోజు ఆ "గో" కూడా రాలేదు, ఆయన గోడవైపు మొహం తిప్పేసుకున్నాడు. ఆ మనిషి చేత అలా చేయించినందుకు ఆవిడ తనని తాను తిట్టుకుంది, మర్నాడు మళ్లీ వచ్చి నీళ్లనమంది.

ఈలోపు ఆసుపత్రికి ఇంకో జబ్బు పట్టుకుంది. గుమ్మంలో మంచం వల్ల రెండు విభాగాల మధ్యా ఉత్తరప్రత్యుత్తరాలు సున్నాకి వచ్చాయని పరాంకుశం గారు రాజధానికి రాసుకున్నారు. దానికి మెచ్చుకుంటూ జవాబొచ్చింది. అంతే, గుమ్మం వైద్యమని పేరు పెట్టేశారు. షుగరు వల్ల కాలికి పుండు పడ్డవాణ్ణి ఓ గుమ్మంలో వేశారు. గుండె ఒకచోట, కిడ్నీ ఒకచోట బాగోలేనివాణ్ణి అడ్డంగా ఇంకో గుమ్మంలో వేశారు. గుమ్మాలు చాలక గోడలు కొట్టించి కొత్తవి పెట్టించారు. నర్సులు మందుల ట్రేలు పట్టుకుని మంచాల కింద నుంచి పాకుతూ తిరిగారు. ఇన్నేళ్లుగా ఒక్క కిటికీకి నోచుకోని తిరుపతమ్మ, ఆ కొడుతున్న గోడలకేసి చూసి నిట్టూర్చింది.

ఇక చివరి ఇంజక్షన్ పడాల్సిన రోజున రాజధాని నుంచి డైరెక్టరు గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. మెళ్లో బంతిపూల దండ, వెనకాల అందరూ. సగం మంది తల వైపు నిలబడ్డారు, సగం మంది కాళ్ల వైపు.

"ఇటువంటి వినూత్న విధానము రాష్ట్రవ్యాప్తంగా అమలుపరచదగినది" అన్నారు డైరెక్టరు గారు. "దీనికి మూలమైన మెడ ఉత్తర్వును రూపొందించినది వీరేనట కదా. ఏమండీ వేదాద్రి గారూ, ఎట్లున్నది మా గుమ్మం?"

వేదాద్రి పైకి చూశాడు. తలమీద ద్వారబంధం. కిందికి చూశాడు. మెడకి టేపు, టేపు కింద పసుపు గీత, గీతకి అవతల తన సొంత పొట్ట, దాని మీద సూది పట్టుకుని నిలబడిన డాక్టరమ్మ. మొహం ఎర్రబడింది. పెదాలు వణికాయి. నాలుక పళ్లకి తగిలింది.

"చె" అన్నాడు. ఆగాడు. కళ్లు మూసుకుని బలమంతా తీశాడు. "చెల్లదు."

తిరుపతమ్మ చేతిలో క్యారేజీ జారిపోయింది. నలుగురూ ఉన్నారని కూడా చూడకుండా ఆయన తల గుండెకి హత్తుకుని భోరుమంది. "మళ్లీ అనండి. మీ కాళ్లు పట్టుకుంటా, మళ్లీ ఒక్కసారి అనండి" అంది.

"చెల్లదు" అన్నాడాయన, ఈసారి కాస్త స్పష్టంగా.

దైవాదీనం మొహం పాలిపోయింది. "సార్, గురువుగారు చెల్లదన్నారు. అంటే గుమ్మం ఉత్తర్వు చెల్లదు. అది చెల్లకపోతే దాని ప్రకారం ఇచ్చిన ఇంజక్షన్లూ చెల్లవు. ఇంజక్షన్లు చెల్లకపోతే వాటివల్ల వచ్చిన మాటా చెల్లదు. మాట చెల్లకపోతే, ఉత్తర్వు చెల్లదన్నది చెల్లదు. కాబట్టి ఉత్తర్వు చెల్లుతుంది. అది చెల్లితే మాటా చెల్లుతుంది. మాట చెల్లితే..." ఆయన ఉన్నచోటే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు.

"అసలా మాట నోటినుంచి కదా వచ్చింది" అన్నాడు చెన్నకేశవులు. "నోరు దంత విభాగం వారిది. వారి నిరభ్యంతర పత్రం ఉన్నదా?"

"అసలు మాట ఇంజక్షన్లవల్లే వచ్చిందని ఎవరన్నారు సార్?" అంది మెహజబీన్ విసిగిపోయి. "మందు కావచ్చు. మెదడు దానంతటదే తేరుకుని ఉండొచ్చు. ఈ అమ్మ రోజూ పలికించినందుకు కావచ్చు. ఆయనకి పడ్డది ఉత్త ఉప్పునీరు కూడా అయ్యుండొచ్చు. పరీక్ష అయ్యేదాకా ఎవరికీ తెలీదు."

ఉప్పునీరనేసరికి అందరి మొహాలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఉప్పునీరు ఏ విభాగం కిందికి వస్తుందో మెడ ఉత్తర్వులో ఎక్కడా లేదు. డైరెక్టరు గారు అక్కడికక్కడే ఓ సంఘాన్ని వేశారు. సంఘం అప్పుడే భోజనాలకి కదిలింది. జనం పలచబడగానే మెహజబీన్ ఆఖరి సూది వేసేసి, దూది పెట్టి నొక్కింది.

దైవాదీనం ఒక్కడూ వెళ్లలేదు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "గురువుగారూ, నన్ను క్షమించాలి. మీకు మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. మెడ ఉత్తర్వులో మినహాయింపు ఎక్కడ దాచారు? ఆ రోజు చెయ్యాడించి చెప్పారు, నాకే అర్థం కాలేదు."

వేదాద్రి ఆ రోజులాగే తల అటూ ఇటూ ఊపాడు. ఖాళీ అరచెయ్యి గాలిలో ఆడించాడు. తర్వాత, ఒక్కో ముక్కా కూడదీసుకుంటూ అన్నాడు.

"పెట్ట... లేదు."

"ఏదీ పెట్టలేదా అండీ?"

"ఏదీ."

ఆయన కళ్లలోంచి నీళ్లు జారి, చెవుల మీదుగా తలగడలోకి ఇంకిపోయాయి. దైవాదీనం తనే ఆ మెడకున్న తెల్లటేపు ముడి విప్పి, చుట్టచుట్టి జేబులో పెట్టుకుని, సంఘం భోజనం చేస్తున్న వైపు నడిచాడు.

తిరుపతమ్మ చెంగుతో మొగుడి మొహం తుడిచింది. కోపగించుకుందామనుకుంది, ఎన్నో ఏళ్లవి ఉన్నాయి కూడా, ఒక్కటీ నోటికి రాలేదు. అప్పుడాయన ఎడమ చేత్తో ఆవిడ చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. పెదాలు మళ్లీ వణికాయి. మళ్లీ చెల్లదంటాడేమోనని ఆశగా చెవి దగ్గర పెట్టింది ఆవిడ.

"కి... టికీ" అన్నాడు వేదాద్రి.

ఆవిడ ముక్కు చీదుకుని, మంచాన్ని తోయడానికి ఆయాని కేకేసింది.

"పెట్టిద్దాం లెండి. ముందు మీరు ఈ గుమ్మంలోంచి బయటికి రండి."